తవుడునుండి లేపనమువఱకు

మిర్యాలగూడ పట్టణమున బియ్యపు మిల్లుల చెంత ఒక్క ఉదయము నిలిచి చూచినవారికి మన ప్రాంతపు సంపద యెట్లు వచ్చుచున్నదో, యెట్లు పోవుచున్నదో రెండును ఒక్కమాఱే కన్పట్టును. ఒక ద్వారమున సాగరు ఎడమ కాలువ క్రింద పండిన వడ్లు ట్రాక్టర్లపై లోనికి వచ్చుచుండును. వేఱొక ద్వారమున తవుడు బస్తాలు లారీలపై వెలుపలికి పోవుచుండును. ఆ తవుడు నూనె కర్మాగారమునకు పోయి నూనె యగును. నూనెనుండి మైనము వేఱగును. ఆ నూనెలోను, ఆ మైనములోను కొంత భాగము దూరపు పట్టణములయందు ముఖలేపనములలోను, పెదవుల రంగులలోను చేరి, చిన్న సీసాలలోను డబ్బీలలోను సూర్యాపేట అంగడికి తిరిగి వచ్చుచున్నది. బస్తాతో అమ్మినవారమును మనమే. డబ్బీతో కొనువారమును మనమే.

ఈ సంగతి మన సంఘ సభ్యులకు తెలియనిది కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు మేము పాల్గొన్న సభలలో తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: “మన తవుడు, మన ఆముదము, మన పసుపు, మన కలబంద యుండగా ఆ డబ్బీని మనమే యేల చేయరాదు?” వ్యవసాయ ప్రదర్శకుల మగుటచే మమ్ము అభిప్రాయ మడుగుచున్నారు. మా అభిప్రాయమును దాపరికము లేక ఇచట వ్రాయుచున్నాము. చేయవచ్చును, చేయుట మేలు కూడ. కాని రెండు దినముల శిక్షణతో, సెల్‌ఫోనులో చూచిన పాకములతో, నేడు కొన్ని పల్లెలయందు ఆరంభమైన రీతిగా చేయరాదు.

కర్షక సంఘములకు సబ్బులతోను లేపనములతోను ఏమి పని యని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. వారికొక చరిత్ర సంగతి మనవి చేయుదుము. మదరాసు రాజధానియందు వ్యవసాయ బ్యాంకులనుగూర్చి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వ్రాసి, 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు దారి చూపిన ఫ్రెడరిక్ నికల్సన్‌గారే, పిదప మత్స్యశాఖ పనిని చేపట్టి, మలబారు తీరమున చేపనూనెతో సబ్బు చేయించు ప్రయోగములను నడిపించిరి. ఆ ప్రయోగములనుండియే కోళిక్కోడునందలి కేరళ సబ్బు సంస్థ పుట్టినది. సహకారోద్యమమునకు పునాది వేసినవారి దృష్టిలో అప్పు ఇచ్చుట యొక్కటియే సంఘపు పని కాదనుట దీనివలన తేటపడుచున్నది. అయితే అచట ముందుగ నడచినది ప్రయోగము; వ్యాపారము దాని వెనుక వచ్చినది. మన పల్లెలలో ఈ వరుస తలక్రిందగుచున్నది.

ఇట్లు తలక్రిందు చేసినవారిలో మేమును ఒకరము. కొన్ని సంవత్సరముల క్రిందట కోదాడ సమీపమున ఒక గ్రామమున పొదుపు సంఘపు స్త్రీలకు మేమే లేపనము చేయుట నేర్పితిమి. తేనెమైనము కరగించి, నువ్వులనూనె కలిపి, కలబంద గుజ్జును అందులో పోసి కవ్వముతో చిలికించితిమి. వెన్నవలె తెల్లగ, మెత్తగ వచ్చినది. అందఱును సంతోషించిరి. డబ్బీలలో నింపి, పేరు వ్రాసిన కాగితము లంటించి, సంఘపు వార్షిక సభనాడు అమ్మకమునకు పెట్టిరి. నెల దినములు గడువక మునుపే డబ్బీల మూతలక్రింద బూడిదవర్ణపు బూజు పట్టినది. కొన్నింటిలో నీరు ఊరి పైకి తేలినది. ఒక బాలిక చెంపలపై దద్దురులు లేచినవి. స్త్రీలు ఇంటింటికి పోయి కొన్నవారి సొమ్ము తిరిగి యిచ్చివేసిరి. ఆ సొమ్ము వారి పొదుపులోనిది. వారిలో పెద్దది యొకామె మమ్ము చూచి, “సారూ, మీరు చెప్పినట్టే చేస్తిమి గదా. మా చేతులల్ల ఏమన్న దోషమున్నదా?” అని అడిగినది. మేము ఆనాడు సరియైన ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ సంఘము పిదప మఱి యే వస్తువును చేయుటకు పూనుకొనలేదు.

ఆ లేపనము చెడుటకు గల కారణములను పిమ్మట చదివి తెలిసికొంటిమి. మేము క్రొత్తదిగా తలచిన ఆ పాకము కడు ప్రాచీనమైనది. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున రోము నగరమున నుండిన గేలెన్ అను వైద్యుని పేర నడచు ‘కోల్డ్ క్రీము’ అట్టిదే: మైనము, ఓలివు నూనె, గులాబి నీరు. చర్మముపై రాచినపుడు అందలి నీరు ఆవిరియై చల్లదన మిచ్చుటచేత దాని కా పేరు వచ్చినది. అది కూడ నిలువయుండునది కాదు. నూనెయు నీరును స్వభావమున విరోధులు. ఎంత చిలికినను కొంతసేపే కలిసియుండి పిదప విడిపోవును. వానిని కలిపి పట్టియుంచుటకు మధ్యవర్తియైన ద్రవ్యము వలయును; దాని యొక కొస నీటిని, రెండవ కొస నూనెను పట్టుకొనును. పాలలో వెన్న విడిపోక యుండుటకు పాలలోని మాంసకృత్తులు ఇట్టి పనియే చేయును. 1949లో అమెరికా దేశపు విలియమ్ గ్రిఫిన్ అను రసాయనజ్ఞుడు ఏ నూనెకు ఏ మధ్యవర్తి తగునో అంకెలతో నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. నాటినుండి క్రీము చేయుట చేతివాటమునుండి లెక్కలోనికి వచ్చినది. మా కవ్వమునకు ఆ లెక్క తెలియదు.

రెండవ కారణము నీరే. నీరున్నచోట జీవమున్నది; కంటికి కానరాని సూక్ష్మజీవులును, బూజును కూడ నున్నవి. పచ్చడిలో తడిచేయి పెట్టరాదని మన యిండ్లలో చిన్నపిల్లకు సైతము తెలియును. కలబంద గుజ్జు నూటికి తొంబదియెనిమిది పాళ్లు నీరు. పైగా సూక్ష్మజీవులకు ఆహారము. అట్టి దానిని డబ్బీలో పోసి, దినమునకు పలుమాఱు వ్రేలు ముంచుచు, చెడకుండవలెనని కోరుట వ్యర్థము. కర్మాగారములలో ఇందులకై నిలువద్రవ్యములను కలుపుదురు. సోడియం బెంజోయేటు అట్టిదొకటి. కాని అది పులుపు గల మిశ్రమములోనే పనిచేయును. పులుపు తగ్గినకొలది దాని శక్తి సన్నగిల్లును. ఏ నిలువద్రవ్య మెంత కలుపవలెనో ఊహతో తేలదు. క్రీములో బుద్ధిపూర్వకముగ సూక్ష్మజీవులను వదలి, అవి చచ్చుచున్నవో పెరుగుచున్నవో కొన్ని వారములు పరీక్షించి నిర్ణయింపవలసియుండును. “మా సరుకులో మందు లేమియు లేవు, అంతయు ప్రకృతిసిద్ధమే” యని నీరుగల లేపనమును అమ్మువాడు తెలియక అమ్మినను, తెలిసి అమ్మినను, కొన్నవారి చర్మమున కొక్కటే ఫలము.

మూడవది మన యెండ. క్రీములను, లేపనములను అమ్మకమునకు విడుచుటకు ముందు 40, 45 డిగ్రీల వేడిమిలో నెలల తరబడి యుంచి, విడిపోవుచున్నవా, రంగు వాసన మారుచున్నవా యని చూచుట పరీక్షా పద్ధతి. చలిదేశములవారు దీనికై యంత్రపు పెట్టెలు కొందురు. వైశాఖ జ్యేష్ఠములలో సూర్యాపేట బజారున రేకుల కప్పుగల కొట్టులో ఆ పరీక్ష ఉచితముగ జరుగుచున్నది. మాఘమాసమున బాగుగ నున్న దానిని చూచి మురిసి, రోహిణి కార్తెలో తలవంచుకొనుట మనకేల?

ఇక తవుడు సంగతి. నూఱు కిలోల వడ్లనుండి సుమారు ఎనిమిది కిలోల తవుడు వచ్చును. అందులో అయిదవ వంతు నూనె యనుకొన్నను కిలోన్నర దొరకును. ఈ నూనెలో ఒరైజనాలు అను పదార్థము కలదు. 1954లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని వెలికి తీసిరి. నూనె గాలికి చెడకుండ ఇది కొంత కాపాడును. అందుచేతనే లేపనములు చేయువారు తవుటినూనెను కోరుదురు. కాని తవుడునకు ఒక దుర్గుణమున్నది. పచ్చిబియ్యము మరపట్టిన క్షణమునుండియే తవుటిలోని లైపేజు అను పాచకద్రవ్యము నూనెను విఱుగగొట్టుట ఆరంభించును. కొలది దినములలోనే పులిసి కనరు వాసన పుట్టును. వడ్లను ఉడికించిన యెడల ఆవిరి వేడికి ఆ ద్రవ్యము శక్తి నశించును. కనుక ఉప్పుడు బియ్యపు మిల్లులకు పేరుపడిన మిర్యాలగూడ తవుడు నూనెకు మేలైనది. ఇది మనకు సహజముగ లభించిన అనుకూలము. అయినను తవుడునుండి నూనె తీయు పని చిన్న సంఘములకు తగదు. దానికి హెక్సేను అను ద్రావకము వలయును. అది పెట్రోలువలె మండును. నూనెను శుద్ధిచేయుటయు సులభము కాదు. హైదరాబాదున 1944లో స్థాపింపబడి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర నున్న పరిశోధనాలయమున తవుటినూనె శుద్ధినిగూర్చియే ప్రత్యేకముగ కృషి జరిగిన దనిన అందలి కష్టము ఊహింపదగినది. శుద్ధిచేసిన నూనెను, మైనమును కర్మాగారమునుండి సంఘము కొని తెచ్చుకొనుటయే తెలివి. మన తవుడే యని అభిమానముతో పచ్చితవుడును నలుగుపిండిలో కలుపుట మాత్రము వలదు. అది కొద్దిదినములలో కంపుకొట్టును.

సబ్బునుగూర్చి ఒక్కమాట. ఇది అన్నిటికన్న సులువని పలువురు దీనినే మొదలుపెట్టుచున్నారు. నూఱు గ్రాముల కొబ్బరినూనెను సబ్బుగా మార్చుటకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. అంతే ఆముదమునకు 13 గ్రాములలోపే చాలును. కొబ్బరినూనె ప్రియమైనదని, చేతనున్న ఆముదమును దాని స్థానమున పోసి, సోడా మాత్రము పాతలెక్కనే వేసినచో నూటికి అయిదు గ్రాములకు పైగా సోడా మిగిలిపోవును. ఆ మిగిలినది ఒడలిని కాల్చును. గ్లాసులతోను చెంబులతోను కొలుచుట మాని తక్కెడతో తూచుట ఇందులకే. సోడాను నీటిలో కొలదికొలదిగ వేయవలెనే కాని సోడాపై నీరు పోయరాదనియు, అది పొంగి ముఖముపై చిందుననియు ప్రతి సభ్యురాలికిని ముందుగ చెప్పవలెను.

పసుపు సబ్బు చేయుదు మనువారికి మా చిన్ననాటి పాఠ మొకటి చెప్పుదుము. మేము చదివిన మిషను పాఠశాలలో రసాయనశాస్త్రపు అయ్యవారు లిట్మసు కాగితము లయిపోయిననాడు పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితము నిచ్చి సబ్బునీటిలో అద్దుమనిరి. అది ఎఱ్ఱబడినది. మేము ఆశ్చర్యపడగా ఆయన నవ్వి, “మీ అమ్మగారు పసుపులో సున్నము కలిపిన పారాణి యెట్లు వచ్చునో ఇదియు నట్లే” యనిరి. సబ్బు స్వభావమున క్షారము. అందు వేసిన పసుపు బంగారువన్నెను నిలుపుకొనదు, ఎఱ్ఱబారి గోధుమవర్ణమునకు దిగును. పైగా వెలుతురునకు వెలసిపోవును. ఇది తెలియక బస్తా పసుపును పాడుచేసికొనినవారిని మేము చూచితిమి.

“అవి దొరల రసాయనములు గాన అపాయము, మనవి ఆకులు అలములు గాన అపాయము లేదు” అను వాదము మన సభలలో చప్పట్ల మధ్య వినబడును. ఈ వాదమును మేము అంగీకరింపము. సున్నిపిండిలో కొందఱు బావంచాలు కలుపుదురు. బావంచాలలో సొరాలెను అను పదార్థమున్నది. అది ఒంటికి పట్టిన పిదప ఎండ తగిలినచో చర్మము కమిలి, బొబ్బలెక్కి, నల్లబడును. బొల్లి మచ్చలకు వైద్యులు దీనిని కొలతతో వాడుట ఈ గుణమునుబట్టియే. కొలత లేక రాచుకొని నాట్లకు పోవు కూలివారి గతి యేమి? మన ప్రక్కనున్న నకిరేకల్లు నిమ్మకును ఇట్టి దోషము కొంత కలదు. ముఖమునకు నిమ్మరసము రాచుకొని ఎండలోనికి పోరాదు. ఆముదము మంచిదే, కాని ఆ గింజ పిండిలోని రైసిను మహా విషము. నూనె తీసిన పిండిని పశువులకు అందుబాటులో నుంచరాదు. ప్రకృతి మనకు తల్లియే యైనను లెక్క తప్పినవారిని దండింపక మానదు.

రసాయనములను కన్నుమూసికొని వాడువారి గతియు ఇంతకన్న మేలు కాదు. తెల్లదనము తెచ్చు నను కొన్ని లేపనములలో పాదరసము కలుపుటచేత వానిని వాడినవారి మూత్రపిండములు చెడిన సంగతులు 2023లో కేరళ దేశపు మలప్పురం జిల్లానుండి వెల్లడియైనవి. అట్టి డబ్బీలపై ఎవరు చేసిరో, ఏమి కలిపిరో సరిగా వ్రాసియుండదు. కనుక ప్రశ్న ఆకు మేలా, రసాయనము మేలా యనునది కాదు. ఏమి కలిపితిమో, ఎంత కలిపితిమో, ఏల కలిపితిమో చెప్పగలమా యనునదే ప్రశ్న.

చట్టము కోరునదియు ఇదియే. 1940 నాటి ఔషధముల చట్టమునకు 1962లో సవరణ జరిగి సౌందర్యసాధనములు దానిలో చేర్పబడినవి. 2020 డిసెంబరులో వానికై ప్రత్యేక నియమావళి వెలువడినది. అమ్మకమునకు చేయువారు లైసెన్సు పొందవలెను. అర్హతగలవారి పర్యవేక్షణమున చేయింపవలెను. డబ్బీపై చేసినవారి చిరునామా, కలిపిన ద్రవ్యముల పట్టిక, వంతు సంఖ్య, చేసిన తేదీ, వాడదగిన గడువు ముద్రింపవలెను. గజ్జి మానును, తామర పోవును అని వ్రాసినచో అది అలంకార వస్తువు కాక మందగును. దాని దారి వేఱు. ఆయుర్వేద మని వ్రాయుటకును వేఱు లైసెన్సు కలదు. “మా అవ్వలు సున్నిపిండి దంచుటకు లైసెన్సు పొందిరా?” యని కొందఱు హాస్యమాడుదురు. పొందలేదు, పొందనక్కఱ లేదు. అవ్వ తన మనుమరాలికి దంచినది. ఒళ్లు మండిన మరునాడు మానివేసినది. మనము ముఖ మెఱుగనివారికి అమ్ముచున్నాము. వారికి ఒళ్లు మండిన సంగతి మన చెవిని పడదు. ఆ యెడమును పూరించుటకే ఆ కాగితము, ఆ పట్టిక, ఆ వంతు సంఖ్య.

అట్లయిన సంఘములు చేయదగిన దేమి? మా సూచన లివి.

మొదటిది, నీరు లేని వస్తువులతో ఆరంభింపవలెను. తలకు రాచు ఆముదపు నూనె, పొడిగ నిలుచు నలుగుపిండి, మైనము నూనె మాత్రమే గల పాదలేపనము: ఇవి ఈ దశకు చాలును. నాట్లలో మునిగి పగిలిన పాదములు మన యూళ్లలో ఎన్ని లేవు? ఒక పాలు మైనమునకు నాలుగు పాళ్లు నూనె యనునది ఆరంభపు లెక్క. తేనెమైనము 62 డిగ్రీల ప్రాంతమున కరగును. తవుటి మైనము 75 డిగ్రీలు దాటినగాని కరగదు. కావున మన వేసవికి రెండవదానిని కొంత కలిపి గట్టిదనమును పరీక్షించి నిర్ణయించుకొనవచ్చును. మనము పంపిన తవుడు మన పాదములకే తిరిగి వచ్చు సరళమైన మార్గ మిది.

రెండవది, మూడు పట్టణముల సంఘములును కలిసి ఫార్మసీ పట్టము పొందినవారి నొకరిని జీతమిచ్చి నియమింపవలెను. ఒక్క సంఘమునకు భారమైనది పది సంఘములకు కాదు. మన బిడ్డలే ఫార్మసీ చదివి, పని దొరకక హైదరాబాదు దారి పట్టుచున్నారు. వారి పట్టపు పాఠ్యక్రమమున సౌందర్యసాధన శాస్త్రము ఐచ్ఛిక విషయముగ నున్నది. నీరుగల క్రీముల జోలికి ఆ మనిషి వచ్చిన పిదపనే పోవుదము.

మూడవది, భవనము కట్టుటకు ముందు ఒక పుస్తకము కుట్టించుడు. ఏనాడు ఏ సరుకు ఎంత తూచి వేసితిమో, ఎవరు చేసిరో అందు వ్రాయవలెను. ప్రతి వంతునుండి మూడు డబ్బీలు దాచి, ఒకటి బీరువాలోను, ఒకటి రేకుల కప్పు క్రిందను, ఒకటి శీతలపెట్టెలోను ఉంచి నెలకొకమాఱు తెఱచి చూడవలెను. ఈ పనికి ఖర్చు లేదు, ఓపిక వలయును. అమ్మకమునకు ముందు సభ్యులే ముంజేతి లోపలివైపున రాచుకొని రెండు దినములు చూచుట మఱవరాదు.

ఇంత జాగ్రత్త పడినను లాభము వెంటనే వచ్చునని మేము వాగ్దానము చేయము. పెద్ద కర్మాగారముల ప్రకటనలతో మనము పోటీపడలేము. కాని వారికి లేనిదొకటి మనకున్నది. కొన్నవారు చేసినవారిని గుర్తెఱుగుదురు. ఈ నమ్మకము పరపతి సంఘములకు మూలధనము. ఒక్క బూజుపట్టిన డబ్బీతో అది కరగిపోవును.

కోదాడ గ్రామమున ఆ పెద్దమ్మ యడిగిన ప్రశ్నకు ఆలస్యముగనైనను ఈ పత్రికా ముఖమున ఉత్తర మిచ్చుచున్నాము. అమ్మా, దోషము మీ చేతులది కాదు. తెలియని దానిని తెలిసినట్లు నేర్పిన మాది. మీరు మరల పొయ్యి వెలిగింప దలచిననాడు, ఈమాఱు కవ్వముతో గాక తక్కెడతోను, పుస్తకముతోను మీ వాకిటికి వత్తుము.